అంబాసిడర్ ఇరవై నాలుగు వేలకి దొరికిన రోజులు

ఘాటీరోడ్డు (సెమిలిగుడ, ఒడిశా)

మొన్న విశాఖలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాలు గేటు దగ్గర తెల్ల అంబాసిడర్ ఒకటి నిలబెట్టి, దానికి బంతిపూల దండలు కట్టారు. పెళ్ళికొడుకు ఫొటోలు దిగడానికట. డ్రైవర్ని పక్కకి పిలిచి అద్దె ఎంతని అడిగాను. నాలుగు గంటలకి పన్నెండు వేలన్నాడు. 2003లో నేను కొన్న అంబాసిడర్ మొత్తం బండి ధరే ఇరవై నాలుగు వేలు!

ఆ కొనడం కూడా ఎంత సులువుగా జరిగిందో చెప్తాను. శనివారం పొద్దున్న కోరాపుట్‌లో టీ తాగుతుంటే ఎవరో అన్నారు, ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు బండి తీసేస్తున్నారు, కొడుకు మారుతి కొన్నాడు అని. తొమ్మిదింటికల్లా వాళ్ళింటికి వెళ్ళాను. 1982 మార్క్ 4 మోడల్, పెట్రోలు బండి, గేరు స్టీరింగు దగ్గరే. మాస్టారు తాళంచెవి చేతిలో పెట్టి "సుంకి దాకా తోలుకొని రా, నచ్చితే మాట్లాడుకుందాం" అన్నారు. ఘాటీ, అంటే కొండదారి, దిగడం బాగానే దిగింది. ఎక్కేటప్పుడు ఒక మలుపులో ఆగిపోయింది. ఏసీ పంపు అంటామే, ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు, అది వేడెక్కింది. డ్యాష్‌బోర్డు అరలో మాస్టారు నాలుగు మడతలు వేసి పెట్టిన గుడ్డ ఉంది. పక్కన కొండ మీంచి కారుతున్న నీళ్ళలో తడిపి పంపు మీద కప్పాను. పది నిమిషాలు. కిర్రుమని స్టార్టయింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి బండి మా వాకిట్లో ఉంది. కాగితాలు తర్వాత చూసుకుందాంలే అనుకున్నాం. ఎవరికీ టెన్షన్ లేదు.

ఇప్పుడు సామాన్యుడు ఒక పాత అంబాసిడర్ గానీ ఫియట్ గానీ అలా వెళ్ళి ఇలా తెచ్చుకోగలడా? ఆ రోజులు ఎందుకు పోయాయంటారు?

మెకానిక్ శిష్యుడు (జయపురం)

మా షెడ్డు వెనక ఒకటుంది సార్. ఇంజను లేదు, ఎడంపక్క డోర్లు లేవు. ఓనరు రెండు లక్షలంటాడు. ప్రస్తుతం వెనక సీటు మీద కోడి పొదుగుతోంది.

కార్బొరేటర్ కింగ్ (రాయగడ)

ఘాటీ గారూ, ధర సంగతి తర్వాత. మీది మార్క్ 4 అంటున్నారు. కిందటి దసరాకి మీరిక్కడ పెట్టిన ఫొటో నాకు గుర్తుంది. దాని గ్రిల్ సన్నటి అడ్డపట్టీలది. అది మార్క్ 3, 1975లో వచ్చింది. 1979లో వచ్చిన మార్క్ 4కి చదరపు గ్రిల్, పార్కింగ్ లైట్లు వేరు, ఇండికేటర్లు వేరు. గళ్ళ గ్రిల్ ఉన్నది 1960ల నాటి మార్క్ 2. బండి పేరు సరిగ్గా చెప్తేనే కదా ధర గురించి మాట్లాడుకోగలం?

గేరుకర్ర (గుణుపురం)

"సామాన్యుడు" అనే మాట చూసి ఆగిపోయాను.

2003లో నేను గుణుపురంలో బట్టల కొట్లో పని చేసేవాణ్ణి. నెలకి పదహారు వందలు. మీ ఇరవై నాలుగు వేలంటే నాకు పదిహేను నెలల జీతం, తిండి మానేసి దాచుకుంటే. మీకు సులువుగా దొరికింది, సంతోషం. దాన్ని సామాన్యుడికి దొరికింది అనకండి. అప్పుడు మా వీధి మొత్తానికి సొంత కారున్నది ఒక్క డాక్టరు గారికే. ఇప్పుడు అదే వీధిలో ఆరు కార్లున్నాయి, అన్నీ బ్యాంకు లోన్లే అనుకోండి. ఎప్పుడు సులువు?

ఘాటీరోడ్డు

గేరుకర్ర గారూ, నేను గొప్పలు చెప్పడం లేదు. నేనూ చిన్న ఉద్యోగినే. నేనంటున్నది కొత్త కార్ల గురించి కాదు, పాత కార్ల గురించి. ఆ రోజు బండి కొనడానికి మనిషికి మనిషి మీద నమ్మకం ఉంటే చాలు.

కింగ్ గారూ, ఆర్‌సీలో 1982 అని ఉంది. 82లో మార్క్ 3 ఎలా వస్తుంది?

కార్బొరేటర్ కింగ్

అదే నేనూ అడుగుతున్నాను.

పర్లాకిమిడి పద్మిని

నేను ఫియట్ మనిషిని కాబట్టి అంబాసిడర్ గ్రిల్ గొడవలోకి రాను. కానీ "ఆ రోజులు" అనేటప్పుడు ఏ రోజులో ముందు తేల్చుకోవాలి.

మా తాతగారు 1970ల్లో ఫియట్ బుక్ చేశారు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. బండి వచ్చేలోపు మా పెద్దత్తయ్య పెళ్ళయి, ఆవిడకి ఇద్దరు పిల్లలు. అప్పట్లో దేశం మొత్తానికి కార్లు చేసేది ముఖ్యంగా ముగ్గురే. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ కార్లు. ఎన్ని చేయాలో లైసెన్సు చెప్పేది, ఎంతకి అమ్మాలో ప్రభుత్వం చెప్పేది. అందుకే వాడిన బండికి కొత్తదానికంటే ఎక్కువ ధర పలికిన సందర్భాలుండేవి. చేతిలో ఉన్న పాత బండి, క్యూలో ఉన్న కొత్త బండికంటే నయం కదా. అప్పుడు చవకా కాదు, సులువూ కాదు.

1983 డిసెంబరులో మారుతి వచ్చింది. 90ల్లో మిగతా కంపెనీలు వచ్చాయి. అప్పుడు జనం అంబాసిడర్లనీ ఫియట్లనీ వదిలించుకోవడం మొదలుపెట్టారు. ఘాటీ గారు చెప్తున్న స్వర్గం సుమారు 1995 నుంచి 2008 దాకా ఉన్న చిన్న సందు మాత్రమే. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి చవక. అక్కర్లేని వస్తువు చవగ్గా దొరకడంలో గొప్పేముంది? పాత టైపు మిషన్లు కూడా అలాగే దొరికాయి.

ఇంకో మాట. మా ఇంట్లో ఫియట్ జ్ఞాపకాలన్నీ మగవాళ్ళవే. మా అమ్మనడిగితే ఆవిడకి గుర్తున్నది ఒక్కటే, వానాకాలంలో చీర కుచ్చిళ్ళు దోపుకొని బండి తొయ్యడం.

మెకానిక్ శిష్యుడు

అమ్మగారు చెప్పింది కరెక్టు. మా గురువు అనేవారు, ఫియట్ కొంటే ఇద్దరు కొడుకులుండాలి, తొయ్యడానికి అని.

బరంపురం గ్యారేజి

నేను పాత బండ్లు కొని బాగుచేసి అమ్ముతాను. దాచుకోవడానికేం లేదు. ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు "మీలాంటోళ్ళ వల్లే ధరలు పెరిగాయి" అంటారు, కాబట్టి ముందే జవాబు చెప్పేస్తున్నాను.

కిందటేడు ఒక అంబాసిడర్ తెచ్చాను. పైకి నిగనిగలాడుతోంది. కాళ్ళ దగ్గర మ్యాటు ఎత్తి బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. లప్పం గీకించాను. లప్పం కింద రేకు లేదు, మడతపెట్టిన ఒడియా న్యూస్‌పేపరు ఉంది. అందులో క్రికెట్ స్కోరు కూడా చదువుకున్నాను, మనవాళ్ళు ఓడిపోయారు. ఈ బండికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ఫ్లోరు పోతే బండి పోయినట్టే. ఫ్లోరు, జాకీ పాయింట్లు, నాలుగు డోర్ల అడుగులు కోయించి కొత్త రేకు వేయించాను. టింకరింగ్, పెయింటు, వైరింగు, బీడింగు, బంపర్లకి నికెల్ పూత, అన్నీ కలిపి రెండున్నర లక్షలు దాటింది. అంబాసిడర్ టింకరింగ్ తెలిసిన మేస్త్రీ మా వైపు ఇద్దరే మిగిలారు. ఒకాయనకి కంటి ఆపరేషనయింది.

2014 మేలో ఉత్తర్‌పారాలో బండ్లు చేయడం ఆపేశారు. 2017లో ఆ పేరు మాత్రం ప్యూజో కంపెనీకి 80 కోట్లకి అమ్మారు. బండి కాదు, పేరు! మరి బండికి నాలుగు లక్షలంటే మీకెందుకంత బాధ?

గేరుకర్ర

పేరు ధర 80 కోట్లు అంటే మీ బండి ధర పెరగాలా? ఎక్కడి లెక్క ఎక్కడ కడుతున్నారు.

బంగారంలో చెప్తాను వినండి. 2003లో తులం ఐదున్నర వేలు. ఇరవై నాలుగు వేలంటే నాలుగు తులాల పైమాట. ఆడపిల్ల పెళ్ళికి పెట్టే బంగారం. దాన్ని చవక అంటారా?

బరంపురం గ్యారేజి

నా పని మీరే సులువు చేశారు. ఇప్పుడు తులం లక్ష దాటింది. నాలుగు తులాలంటే నాలుగు లక్షల పైనే. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న మంచి అంబాసిడర్ నేనమ్మేది కూడా అంతకే. అంటే బంగారం లెక్కలో ధర పెరగనే లేదు. ఘాటీ గారు బాధపడక్కర్లేదు, మీరు అరవక్కర్లేదు.

కార్బొరేటర్ కింగ్

తులం అంటే పది గ్రాములా, 11.66 గ్రాములా? ఇద్దరూ ఒకే తులం వాడుతున్నారా?

పర్లాకిమిడి పద్మిని

కింగ్ గారూ, మీకు దండం.

ఘాటీరోడ్డు

అసలు విషయం పక్కకి పోతోంది. నేను రూపాయల గురించి ఏడవడం లేదు. కొనడం తేలిగ్గా ఉండేది అంటున్నాను. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కే 2022లో అయిదు వేలు చేశారు, అంతకు ముందు ఆరు వందలుండేది. ఆపైన ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్సు. ఆంధ్రా బండి మనవైపు తెచ్చుకుంటే అభ్యంతరం లేదనే కాగితం, అదే ఎన్‌వోసీ, ఏడాదిలోపు నంబరు మార్చుకోవాలి. పొరుగు ఊరే, మధ్యలో ఒక గెడ్డ, దానికి రెండు రాష్ట్రాల కాగితాలు! ఆ రోజుల్లో సాలూరు బండి కోరాపుట్‌లో తిరిగింది, రాయగడ బండి పార్వతీపురంలో తిరిగింది. ఎవరడిగారు? బ్రేక్ ఇనస్పెక్టర్ కూడా టీ తాగి వెళ్ళిపోయేవాడు. కాగితం పెరిగింది, మనిషి తగ్గాడు.

మెకానిక్ శిష్యుడు

టీ ఒక్కటే కాదు సార్ తాగేది.

గేరుకర్ర

"ఎవరడిగారు?"

మా నాన్ననడిగారండీ. చెప్తాను, పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటే చదవండి.

మా నాన్నకి అంబాసిడర్ టాక్సీ ఉండేది. 1988 నుంచి గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి లైను. బూడిదరంగు బండి. ముందు ముగ్గురు, వెనక అయిదుగురు, డిక్కీలో పసుపు బస్తాలు. సంత రోజైతే డిక్కీ తలుపు తాడుతో కట్టాల్సిందే. తర్వాత కమాండర్ జీపులు దిగాయి, పదిహేను మందిని ఎక్కించుకొని మనిషికి మూడు రూపాయలు తక్కువ తీసుకున్నాయి. మా నాన్న బండి స్టాండులో ఎండకి ఎండింది. 2001లో విశాఖ నుంచి ఒక బ్రోకరు వచ్చి పంతొమ్మిది వేలకి కొన్నాడు. తెల్ల కాగితాల్లాంటి పేరు మార్పు ఫారాల మీద, 29, 30 నంబర్లవి, నాలుగు సంతకాలు పెట్టించుకున్నాడు. "పేరు మార్పించి జిరాక్సు పంపిస్తాను బాబాయ్" అన్నాడు. ఘాటీ గారు చెప్పే నమ్మకం అదే. మధ్యాహ్నానికల్లా బండి వెళ్ళిపోయింది. భలే సులువు.

2009లో ఆంధ్రా వైపు స్టేషన్ నుంచి ఫోను. మీ బండి చెక్‌పోస్టు దగ్గర దొరికింది, సీట్ల కింద గంజాయి ఉంది, రండి. మా నాన్నకప్పుడు అరవై ఎనిమిది. మూడుసార్లు వెళ్ళాడు, బస్సుల్లో. ఆయన చదువంతా ఒడియాలో. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. మన ప్రాంతంలో ఇది కొత్త కాదు, నేనూ తెలుగు అక్షరాలు ముప్ఫై ఏళ్ళు దాటాక సెల్‌ఫోన్లో నేర్చుకున్నాను. స్టేషన్లో తెలుగులో రాసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. "ఏటి రాశారో చదివి చెప్పండి బాబూ" అన్నాడట. "నీ భాష నీకు రాదా?" అని నవ్వారట.

చివరికి అమ్మ ట్రంకు పెట్టెలో చీరల మధ్య, అమ్మిన రోజు రాసుకున్న ఇరవై రూపాయల స్టాంపు కాగితం దొరికింది కాబట్టి బయటపడ్డాడు. ఆ తర్వాత పాత సైకిలు అమ్మినప్పుడు కూడా రసీదు రాయించుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి. ఆ రోజుల్లో కొనడం సులువుగా ఎందుకుంది? కొన్నవాడు చెయ్యాల్సిన పని చెయ్యకపోతే, ఆ బరువు అమ్మినవాడు మోశాడు కాబట్టి.

ఘాటీరోడ్డు

మీ నాన్నగారికి జరిగింది అన్యాయం, కాదనను. కానీ ఒక బ్రోకరు మోసం చేశాడని ఆ రోజుల్లో బండి కొన్నవాళ్ళందర్నీ దొంగల్లా చూస్తే ఎలా? పైగా మీరు మొదట్నుంచీ నా మీద కక్ష కట్టినట్టు రాస్తున్నారు. నేను గంజాయి తోలలేదు. పిల్లల్ని మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్ళాను, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నా బండి మీద ఒక్క చలానా కూడా లేదు.

గేరుకర్ర

మీ బండి ఎవరి పేరు మీద ఉంది?

ఘాటీరోడ్డు

2003లో పెట్రోలు లీటరు ముప్ఫై మూడో ముప్ఫై నాలుగో. ఫుల్ ట్యాంకు కొట్టిస్తే సాలూరు వెళ్ళి రెండుసార్లు తిరిగి రావచ్చు. అప్పటి ఘాటీలో ఇప్పుడున్నన్ని లారీలూ లేవు. నేను మాట్లాడుతున్నది ఆ జీవితం గురించి.

గేరుకర్ర

ఎవరి పేరు మీద ఉందండీ?

బరంపురం గ్యారేజి

గేరుకర్ర గారూ, ఇది పోలీస్ స్టేషన్ కాదు. మీ ఇంటి గొడవ ఆయన మీద రుద్దకండి. పంతొమ్మిది వేలకి అమ్మిన బండికి ఇప్పుడు నాలుగు లక్షలు పలుకుతోందని కడుపుమంట. ఆ మాటే సూటిగా అనొచ్చుగా.

గేరుకర్ర

అవును, మంటే. మీలాంటివాళ్ళు కొనుక్కెళ్ళి ఎర్రరంగు వేసి హోటల్ ముందు పెట్టుకుంటారు, మా నాన్న దాని మీద పదమూడేళ్ళు అన్నం తిన్నాడు. పోయిన బండికి నేనేడవడం లేదు. సంతకం పెట్టి ఇచ్చినవాడి పేరు కూడా మీకు గుర్తుండదు. మీరిప్పటిదాకా అమ్మిన బండ్లలో పేరు మార్పించి అమ్మినవి ఎన్ని? లెక్క చెప్పండి.

నిర్వాహకుడు

ఇద్దరూ కాస్త తగ్గాలి. వ్యక్తిగత మాటలు ఇంకోసారి వస్తే చర్చ మూసేస్తాను.

పర్లాకిమిడి పద్మిని

మూయకండి, ఇప్పుడే అసలు విషయం వచ్చింది. ఘాటీ గారూ, ఆయన రెండుసార్లు అడిగారు. మీరు పెట్రోలు ధర చెప్పారు. అడిగిన పద్ధతి బాగోలేదేమో, ప్రశ్న మాత్రం మంచిదే.

చట్టం సంగతి కూడా చెప్తాను, మా ఆయన ఇన్సూరెన్స్ కేసులు చూస్తారు. రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు. బండి నాలుగు చేతులు మారినా సరే, పేరు మారకపోతే యాక్సిడెంటు నష్టపరిహారం ఆ మొదటి మనిషి మీదకే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. గేరుకర్ర గారి నాన్నగారి బండి ఎవర్నైనా గుద్ది ఉంటే స్టాంపు కాగితం కూడా కాపాడేది కాదు.

ఘాటీరోడ్డు

రాత్రి నిద్ర పట్టలేదు. సరే, చెప్పేస్తాను.

బండి ఇంకా మాస్టారి పేరు మీదే ఉంది. ఆయన 2002లో అయిదేళ్ళకి రెన్యువల్ చేయించారు. 2007తో అది అయిపోయింది. అప్పట్నుంచీ బండి మా ఊళ్ళోనే తిరుగుతోంది, ఘాటీ దింపలేదు. మాస్టారు 2016లో పోయారు. ఈ మధ్య మా అబ్బాయి బండిని బాగుచేయించి కాగితాలు సరిచేద్దామన్నాడు. మాస్టారి పెద్దబ్బాయి భువనేశ్వర్‌లో ఉంటాడు, ఫోన్ చేశాను. సంతకం కావాలంటే అరవై వేలు ఇమ్మన్నాడు. బండి కొన్నదే ఇరవై నాలుగు వేలకి! సంతకానికి అరవై వేలా? ఆ ఫోను పెట్టిన వారానికే పెళ్ళిలో ఆ తెల్ల బండి కనబడింది. ఆ కడుపుమంటతోనే ఇక్కడ రాశాను. ఇప్పుడు మీ అందరికీ తృప్తేనా?

బాగా పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ నంబరు తీసుకుంటే ఈ గొడవ ఉండదని ఒకరన్నారు. నిజమేనా?

కార్బొరేటర్ కింగ్

కాదు. 2021 రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. అప్పుడు నంబరు ప్లేటు మీద వీఏ అని వస్తుంది. మీది 1982 అయితే 2032 దాకా ఆగాలి. ఒకవేళ మార్క్ 3, 1976 బండో 77 బండో అయితే ఇంకా ముందే వస్తుంది. అందుకే మొదటి రోజు నుంచీ గ్రిల్ గురించి అడుగుతున్నాను. ఎవరూ వినలేదు. అయినా వింటేజ్ నంబరుకి కూడా ఓనరు మీరేనని కాగితం ఉండాలి.

బరంపురం గ్యారేజి

ఘాటీ గారూ, వ్యాపారిగా ఒక మాట. అరవై వేలు ఇచ్చెయ్యండి. యాభైకి దిగుతాడు. కాగితాలుంటే మీ బండి నాలుగు లక్షలు, లేకపోతే తుక్కు ఇనుము.

గేరుకర్ర గారు లెక్క అడిగారు. ఇప్పుడైతే అన్నీ పేరు మార్పించే ఇస్తున్నాను. 2010కి ముందు అమ్మినవాటి సంగతి అడగకండి.

గేరుకర్ర

అడగను. జవాబు వచ్చేసింది.

ఘాటీ గారూ, మీ మాస్టారిది కోరాపుట్, మీది సెమిలిగుడ. రాష్ట్రం దాటక్కర్లేదు, ఎన్‌వోసీ అక్కర్లేదు, అదే జిల్లా ఆఫీసు. మాస్టారు ఆ తర్వాత పదమూడేళ్ళు బతికున్నారు. ఒక్క పూట పని. ఎందుకు చెయ్యలేదు?

అరవై వేలు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఇరవై ఏళ్ళపైగా మీ బండి ఎక్కడ ఏం చేసినా ఫోను వాళ్ళింటికే వెళ్ళేది. దానికి అద్దె అనుకోండి.

ఘాటీరోడ్డు

వాళ్ళేం మోశారండీ? ఒక్క ఫోను కూడా వెళ్ళలేదు. నా బండి వల్ల వాళ్ళకి వీసమెత్తు నష్టం లేదు.

గేరుకర్ర

వెళ్ళలేదు కాబట్టి నష్టం లేదంటున్నారు. 2008 దాకా మా నాన్నకీ వెళ్ళలేదు.

పర్లాకిమిడి పద్మిని

ఒక చిన్న సవరణ. పెద్దకొడుకు ఒక్కడి సంతకంతో పని జరగదు. ఓనరు పోతే ముందు వారసుల పేరు మీదకి మార్చాలి, దానికి ఫారం 31, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుకోలు. ఆ తర్వాత వాళ్ళ దగ్గర్నుంచి మీకు 29, 30. అయిపోయిన రిజిస్ట్రేషన్‌కి ఆలస్యపు రుసుము, పాత పన్ను వేరే. మాస్టారికి ఇంకా పిల్లలున్నారా?

ఘాటీరోడ్డు

ఇద్దరు కూతుళ్ళు. ఒకమ్మాయి రాయగడలో టీచరు. ఆ అమ్మాయినే ఈ బండిలో కాలేజీలో దింపేవారు మాస్టారు, తర్వాత తెలిసింది.

ఎందుకు చెయ్యలేదని అడిగారు. బద్ధకం. ట్రాన్స్‌ఫర్ చేయిస్తే ఇన్సూరెన్స్ కట్టాలి, అదో రెండు వేలు. ఇంకో నెల, ఇంకో నెల అనుకున్నాను. బజార్లో కనబడ్డప్పుడల్లా మాస్టారు అడిగేవారు, "పేరు మార్చుకున్నావా నాయనా?" అని. "అయిపోతుంది మాస్టారూ" అనేవాణ్ణి. ఆయన తల ఊపేవారు. రెండోసారి రెట్టించేవారు కాదు. ఒక దసరాకి మాత్రం ఆయనే ఫారాలు కొని, తన సంతకాలు పెట్టి, కవరులో పెట్టి మా ఇంటికి పంపారు. ఆ కవరు బీరువాలో ఉంది. నిన్న తీసి చూశాను. 2005 అక్టోబరు తేదీ వేసి ఉంది. నేను పెట్టాల్సిన చోట్లు ఖాళీగా ఉన్నాయి.

గేరుకర్ర

ఆ కవరు పట్టుకొని రాయగడ అమ్మాయి దగ్గరికి వెళ్ళండి. ఫోన్లో కాదు. భువనేశ్వర్ తర్వాత.

నేను కొంచెం గట్టిగానే రాశాను. మీ బండి మా నాన్నది కాదని నాకు తెలుసు. అయినా మీరు "ఎవరడిగారు" అనేసరికి ఆగలేకపోయాను.

బరంపురం గ్యారేజి

కవరు సంగతి ముందే చెప్పి ఉంటే ఇంత రాసేవాళ్ళమా. అయినా చనిపోయినాయన సంతకం చెల్లదు, ఆశ పెట్టుకోకండి. ఏసీ పంపు కిట్ కావాలంటే నా దగ్గర రెండున్నాయి, కొన్న ధరకే ఇస్తాను.

ఘాటీరోడ్డు

చెల్లదని తెలుసు. చూపించడానికి.

గురువారం హీరాఖండ్ రైల్లో రాయగడకి వెళ్తున్నాను. ఎంత పట్టుకెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు. అరవై ఇవ్వాలంటే ఇప్పటికీ మనసొప్పడం లేదు. ఉత్తచేతులతో వెళ్ళడానికీ మొహం లేదు.

కింగ్ గారి కోసం ఇవాళ పొద్దున్న తీసిన ఫొటో పెడుతున్నాను. చూసుకోండి.

కార్బొరేటర్ కింగ్

అడ్డపట్టీలు. మార్క్ 3. నేను చెప్పానా లేదా? కానీ ఇండికేటర్లు మార్క్ 4వి. ఇదేం బండి?

మెకానిక్ శిష్యుడు

ఈ బండి మా షెడ్డుకి వచ్చిందే సార్, ఆ హెడ్‌మాస్టారు గారిది. మా గురువు చెప్తారు, సెమిలిగుడ దాటాక గేదె గుద్దిందట. చదరపు గ్రిల్ దొరక్క ఉన్నది వేసేశారు. గేదెకేం కాలేదు.

మా కోడి నిన్న పిల్లల్ని లేపింది, పదకొండు. ఓనరు ఇప్పుడు రెండున్నర లక్షలంటున్నాడు.